పలు మీటర్ల భవనమునకు వచ్చు విద్యుత్తు ఏ తీరుది?

నిజామాబాదు పట్టణమున ఖలీల్‌వాడి వంటి పేటలలో ఒకే కట్టడమునందు క్రింద మందుల దుకాణము, దానిపై వైద్యశాల, ఆ పైన కాపురములు ఉండుట సాధారణము. మెట్ల క్రింది గోడకు పది పన్నెండు మీటర్లు వరుసగా బిగింపబడి యుండును. ఇట్టి కట్టడములు నేడు పట్టణమునకే పరిమితము కావు. బోధను చుట్టుపట్ల ఎడపల్లి, రెంజల్, వర్ని, రుద్రూరు, కోటగిరి ప్రాంతములలో గల్ఫు దేశములకు పోయి కష్టించిన వారు ఇంటిపై అంతస్తులు లేపి అద్దెల కిచ్చుచున్నారు. పంచాయతీలు సయితము బస్సు నిలుచు చోట దుకాణపు గదులు కట్టించి ఆదాయము పొందుచున్నవి.

అట్టి భవనమును చూపి “దీనికి కరెంటు ఏ విధముగ వచ్చుచున్నది?” అని అడిగినచో పలువురు “మీటర్లు తొమ్మిది కలవు” అని మాత్రమే చెప్పుదురు. మీటర్ల సంఖ్య వేరు, భవనమునకు వచ్చు సర్వీసు తీరు వేరు. తొమ్మిది మీటర్లున్నను భవనమునకు ఒకే ఫేజు వచ్చుచుండవచ్చును. మూడు ఫేజులును వచ్చుచుండవచ్చును. రెండు స్తంభముల నుండి రెండు వేరు సర్వీసులును వచ్చుచుండవచ్చును. ఈ భేదమును గుర్తించు విధమును పంచాయతీ సభ్యులకు విశదీకరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఎందుకు తెలిసికొనవలెను?

మొదటి కారణము ప్రాణరక్షణ. భవనమున నిప్పంటుకొన్నప్పుడు లేక ఎవరికైన కరెంటు తగిలినప్పుడు, మొదట చేయవలసిన పని సరఫరాను ఆపుట. ఒక ఫ్యూజు లాగి “కరెంటు పోయినది” అని తలచి తీగను ముట్టిన మనుష్యుడు, ప్రక్క గదికి మరియొక ఫేజు నుండి వచ్చుచున్న కరెంటుకు బలియగును. భవనమునకు ఎన్ని దారులలో కరెంటు వచ్చుచున్నదో ముందే తెలిసియున్నచో ఇట్టి దుర్ఘటన జరుగదు.

రెండవది ఆస్తిరక్షణ. మూడు ఫేజులు వచ్చు భవనమున ఒక్క తీగ, అనగా న్యూట్రల్ తీగ, తెగినంతనే టెలివిజన్లు, ఫ్రిజ్‌లు, వైద్యశాలలోని విలువైన యంత్రములు ఒక్క నిమిషములో కాలిపోవచ్చును. దాని వివరము ముందు చెప్పుదుము.

మూడవది బిల్లుల న్యాయము. తెలంగాణలో గృహజ్యోతి పథకము 2024 ఫిబ్రవరిలో ప్రారంభింపబడి, అర్హతగల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు గృహవినియోగపు బిల్లు సున్నగా వచ్చు ఏర్పాటు జరిగినది. అద్దెకుండు వారికిని ఇది వర్తింపజేయబడినది. కాని ముగ్గురు అద్దెవారు ఒకే మీటరు పై వాడుకొన్నచో ముగ్గురి యూనిట్లు కలిసి హద్దు దాటును. ఏ గది ఏ మీటరుకు చెందినదో, ఏ మీటరు ఏ తరగతి క్రింద నున్నదో తెలియని చోట తగవులు తప్పవు.

కరెంటు మన యూరికి వచ్చిన త్రోవ

ఈ జిల్లాకు విద్యుత్తు క్రొత్త సంగతి కాదు. మంజీరా నదిపై నిర్మింపబడిన నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తియైనది. తరువాత దాని దిగువ 10 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రము వెలసినది. నిజాంసాగరు నీటితో చెఱకు పెరిగినది. ఆ చెఱకుకై 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. దాని చుట్టు శక్కర్‌నగర్ ఏర్పడినది. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో పని నిలిపివేసినది.

చక్కెర కర్మాగారములు చెఱకు పిప్పిని కాల్చి, ఆవిరితో టర్బైన్లను త్రిప్పి, తమ కరెంటును తామే పుట్టించుకొనునవి. అక్కడి పెద్ద మోటార్లు మూడు ఫేజులతో నడచును. ఉద్యోగుల ఇంటి దీపము అదే సరఫరాలోని ఒక్క ఫేజుతో వెలుగును. పలు మీటర్ల భవనమున జరుగునదియు చిన్న ఎత్తున ఇదియే.

పంపిణీ వ్యవస్థ పలు చేతులు మారినది. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1999లో విభజింపబడినది. 2000 సంవత్సరమున పంపిణీ సంస్థలు వేరుగ ఏర్పడినవి. నిజామాబాదు జిల్లా వరంగల్లు కేంద్రముగ నున్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో చేరినది. సంస్థ పేరులు మారినను తీగెల ధర్మము మారలేదు. సబ్‌స్టేషను నుండి 11,000 వోల్టుల లైను మూడు తీగెలతో ఊరికి వచ్చును. ట్రాన్స్‌ఫార్మరు దానిని తగ్గించి నాలుగు తీగెలపై మనకిచ్చును. అందులో మూడు ఫేజులు, ఒకటి న్యూట్రల్. వీధిదీపముల కొఱకు ఐదవ తీగ ఉండుటయు కలదు.

ఫేజు అనగా నేమి?

ఒకే రోటిలో ముగ్గురు స్త్రీలు మూడు రోకళ్ళతో వడ్లు దంచుటను మన పెద్దలెల్లరు చూచియున్నారు. ఒకరి రోకలి పైకి లేచుచుండగా రెండవవారిది దిగుచుండును. మూడవవారిది ఆ రెంటి నడుమ నుండును. పోటు ఆగకుండ వరుసగా పడును. మూడు ఫేజుల విద్యుత్తు ఇట్టిదే. మూడు తీగెలలోను కరెంటు సెకనుకు 50 మారులు అటునిటు ఊగుచుండును. కాని మూడింటి ఊపు ఒకే క్షణమున గాక ఒకదాని వెనుక నొకటి సమాన వ్యవధితో వచ్చును. అందువలననే త్రీఫేజు మోటారు ఒడుదుడుకులు లేక తిరుగును.

ఈ ఊపులోని ఎడము వలన ఒక ముఖ్య విషయము పుట్టుచున్నది. ఏ ఫేజుకైనను న్యూట్రల్‌కును నడుమ 230 వోల్టులుండును. రెండు వేరు ఫేజుల నడుమ మాత్రము 460 గాక సుమారు 400 వోల్టులుండును. ఒకే ఫేజుకు చెందిన రెండు తీగెల నడుమ ఏమియు నుండదు. సున్న, 230, 400 అను ఈ మూడు సంఖ్యలను గుర్తుంచుకొన్నచో సర్వీసు తీరును గుర్తించుట సులభము. పాత మీటర్లపై 240, 415 అని ముద్రింపబడి యున్నను చింతింప పనిలేదు. అవి వెనుకటి లెక్కలు.

న్యూట్రల్ అనునది కరెంటు తిరిగిపోవు త్రోవ. మూడు ఫేజులపై భారము సమానముగ నున్నప్పుడు మూడు తిరుగు కరెంటులు ఒకదానినొకటి రద్దుపరచుకొనును. న్యూట్రల్ దాదాపు ఖాళీగ నుండును. భారము ఒక ఫేజుపైననే పడినచో ఆ ఫేజు తీగెతోపాటు న్యూట్రలును నిండుగ మోయవలసి వచ్చును.

సర్వీసు తీరులు నాలుగు

మొదటిది సింగిల్ ఫేజు సర్వీసు. స్తంభము నుండి రెండు తీగెలు మాత్రమే భవనమునకు వచ్చును. మీటర్లన్నియు ఆ రెంటి నుండియే పంచుకొనును. చిన్న ఇంటికి ఇది చాలును. తొమ్మిది గదులకు ఇట్లే పంచినచో, గదికి 10 ఆంపియర్ల చొప్పున 90 ఆంపియర్లు ఒకే తీగపై పడును. తీగ వేడెక్కును, అతుకులు కాలును, సాయంకాలము దీపములు మందగించును.

రెండవది మూడు ఫేజుల, నాలుగు తీగెల సర్వీసును సింగిల్ ఫేజు మీటర్లకు పంచుట. పలు మీటర్ల భవనములలో ముఖ్యమైనది ఇదియే. తొమ్మిది మీటర్లలో మూడు మొదటి ఫేజుపై, మూడు రెండవదానిపై, మూడు మూడవదానిపై నుండును. పై లెక్కలోని 90 ఆంపియర్లు ఫేజుకు 30 ఆంపియర్లుగ విడిపోవును. చూచుటకు మాత్రము అన్నియు చిన్న మీటర్లే. అందుచేతనే “ఇది సింగిల్ ఫేజు భవనము” అని పలువురు పొరపడుచుందురు.

మూడవది మిశ్రమ సర్వీసు. గదులకు సింగిల్ ఫేజు మీటర్లును, నీటి మోటారుకో, లిఫ్టుకో, పిండిమరకో ఒక త్రీఫేజు మీటరును ఉండును. పెద్ద సముదాయములకు ప్రత్యేకముగ ఒక ట్రాన్స్‌ఫార్మరే ఏర్పరచబడును.

నాలుగవది అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఒకే కట్టడమునకు రెండు వేరు సర్వీసులు. తండ్రి నాటి క్రింది ఇంటికి ముందరి వీధి స్తంభము నుండియు, కొడుకు కట్టిన పై అంతస్తునకు వెనుక సందులోని స్తంభము నుండియు తీగెలు వచ్చియుండును. ఆ స్తంభములు వేరు ట్రాన్స్‌ఫార్మర్లకు చెంది యుండవచ్చును. ముందరి ట్రాన్స్‌ఫార్మరును ఆపినను పై అంతస్తులో కరెంటు అట్లే యుండును.

కొన్ని గ్రామములలో దీపముల కొఱకు చిన్న సింగిల్ ఫేజు ట్రాన్స్‌ఫార్మర్లు కూడ స్తంభములపై నున్నవి. అట్టి ట్రాన్స్‌ఫార్మరు క్రింది భవనమునకు మూడు ఫేజులు రావు. అచ్చట త్రీఫేజు మోటారు పెట్టదలచిన వారు ముందే విద్యుత్ శాఖను విచారింపవలెను.

గుర్తించు విధము

దేనిని ముట్టకయే, కంటితో చూచియే, తెలిసికొనదగిన సంగతులు చాల కలవు. వానిని వరుసగా చెప్పుదుము.

నేలపై నిలుచుండి స్తంభము నుండి భవనమునకు వచ్చు తీగెలను లెక్కించుడు. రెండైనచో సింగిల్ ఫేజు. నాలుగైనచో మూడు ఫేజులు. పైతొడుగు గల కేబులు వచ్చుచున్నచో లోపలి తీగెలు కానరావు. అప్పుడు స్తంభము వద్ద అది ఎన్ని లైను తీగెలకు కలుపబడినదో చూడవలెను. భవనము నలువైపుల తిరిగి మరియొక సర్వీసు వెనుక నుండి వచ్చుచున్నదేమో చూచుట మరువరాదు. నిచ్చెన వేసికొని ఎక్కుటగాని, కఱ్ఱతో తీగను కదపుటగాని ఎన్నడును కూడదు.

తరువాత మీటరు ముఖమును చదువుడు. సింగిల్ ఫేజు మీటరుపై ఒక ఫేజు, రెండు వైర్లు, 240 వోల్టులు, 5–30 లేక 10–60 ఆంపియర్లు అను అర్థము వచ్చు అక్షరములుండును. త్రీఫేజు మీటరుపై మూడు ఫేజులు, నాలుగు వైర్లు అని యుండును. దాని పరిమాణమును పెద్దది. సింగిల్ ఫేజు మీటరు అడుగున నాలుగు తీగెలు, అనగా రెండు లోనికి, రెండు వెలుపలికి, కలుపబడును. త్రీఫేజు మీటరుకు ఎనిమిది. సీలును మాత్రము ముట్టరాదు. అది నేరమగును.

మూడవది బిల్లు. సర్వీసు సంఖ్య, తరగతి, ఫేజు, ఒప్పందపు లోడు దానిపై ముద్రింపబడి యుండును. ఒకటవ తరగతి గృహములకు, రెండవది దుకాణములు మొదలగు వానికి. పంచాయతీ చెల్లించు వీధిదీపముల, త్రాగునీటి మోటార్ల బిల్లులు ఆరవ తరగతిలోనివి. అన్ని బిల్లులపై ఒకే ఫేజు అని యున్నంత మాత్రమున భవనమునకు ఒకే ఫేజు వచ్చుచున్నదని తలపరాదు. ఆ మాట ఆ మీటరుకే చెందును.

నాలుగవ పరీక్ష మన గ్రామములలో ప్రకృతియే చేసిపెట్టుచున్నది. గాలివానలో ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఒక ఫ్యూజు పోయి “ఒక ఫేజు రాలేదు” అను మాట తరచు వినుచున్నాము. అట్టి సమయమున భవనములోని మీటర్లను చూడుడు. అన్నియు ఆరిపోయినచో, లేదా అన్నియు వెలుగుచున్నచో, అవి ఒకే ఫేజుపై నున్నవనుట సంభావ్యము. మూడింట ఒక వంతు మాత్రమే ఆరి తక్కినవి వెలుగుచున్నచో మూడు ఫేజులు వచ్చుచున్నవనుట నిశ్చయము. ఏ గదులు ఆరినవో కాగితముపై వ్రాసికొనుడు. రెండు మూడు మారులు ఇట్లు వ్రాసినచో ఏ గది ఏ ఫేజుకు చెందినదో పట్టిక సిద్ధమగును. దీనికి ఖర్చును లేదు, అపాయమును లేదు.

ఏ గది ఏ మీటరుదో తేల్చుటకు మరియొక ఉపాయము కలదు. మీటరుపై చిన్న ఎఱ్ఱదీపము మిణుకు మిణుకు మనుచుండును. యూనిట్టుకు 3200 మిణుకులని దానిపై వ్రాసియున్నదనుకొందము. గదిలోని తక్కిన వస్తువుల నన్నిటిని ఆపి 1000 వాట్ల హీటరు ఒక్కటి పెట్టినచో నిమిషమునకు సుమారు 53 మిణుకులు కనబడును. ఆ వేగము ఏ మీటరుపై కనబడునో ఆ గది దానిదే. హీటరు ఆపినను మిణుకులు ఆగనిచో, ఆ మీటరుపై ఇతరులెవరో వాడుకొనుచున్నారని శంకింపవలెను.

చివరిది వోల్టుమీటరుతో కొలుచుట. ఇది లైసెన్సు గల ఎలక్ట్రీషియను లేక విద్యుత్ శాఖవారు చేయదగిన పని. రెండు మీటర్ల ఫేజు తీగెల నడుమ సున్న వచ్చినచో అవి ఒకే ఫేజువి. 400 వచ్చినచో వేరు ఫేజులవి. సున్నయు గాక 400 గాక మరేదైన వచ్చినచో ఎచ్చటనో లోపము కలదు. వెంటనే పరిశీలింపజేయవలెను.

రెండు విషయములను నమ్మరాదని హెచ్చరించుచున్నాము. మొదటిది టెస్టరు. అది కరెంటు ఉన్నదని మాత్రమే చెప్పును, ఏ ఫేజుదో చెప్పలేదు. న్యూట్రల్ తెగినప్పుడు న్యూట్రల్ తీగపైనను అది వెలుగును. రెండవది తీగెల రంగు. ఎఱుపు, పసుపు, నీలము ఫేజులకును, నలుపు న్యూట్రల్‌కును, ఆకుపచ్చ ఎర్తుకును వాడుట మన పాత ఆచారము. విదేశపు పద్ధతి ననుసరించిన పరికరములలో నీలమే న్యూట్రల్. చేతికందిన తీగను వాడిన పనివారును కలరు. కావున రంగును చూచి తీగను ముట్టరాదు.

న్యూట్రల్ తెగినచో నేమగును?

ఒక ఉదాహరణము. ఒక గదిలో 100 వాట్ల బల్బును, మరియొక గదిలో 1000 వాట్ల ఇస్త్రీపెట్టెయు వేరు ఫేజులపై నడచుచున్నవి. మూడవ ఫేజుపై ఏమియు లేదు. న్యూట్రల్ సరిగ నున్నంతవఱకు రెంటికిని 230 వోల్టుల చొప్పున వచ్చును. భవనపు ఉమ్మడి న్యూట్రల్ తెగినదనుకొందము. అప్పుడు ఈ రెండు వస్తువులు రెండు ఫేజుల నడుమ, 400 వోల్టులపై, ఒకదాని వెంట నొకటి వ్రేలాడును. వోల్టులు సమానముగ పంచుకొనబడవు. చిన్న వస్తువునకే పెద్ద వాటా. బల్బుకు సుమారు 364 వోల్టులు, ఇస్త్రీపెట్టెకు సుమారు 36 వోల్టులు వచ్చును. బల్బు పగులును. ఆ స్థానమున టెలివిజను, సెల్‌ఫోను ఛార్జరు ఉన్నచో అవి కాలును.

ఒక గదిలో దీపములు మితిమీరి వెలిగి ప్రక్క గదిలో మినుకుమినుకు మన్నచో న్యూట్రల్ పోయినదని గ్రహించి వెంటనే మెయిన్లన్నియు ఆపివేయవలెను. 1912 సంఖ్యకు ఫోను చేయవలెను. న్యూట్రల్ పోయినదని ఎర్తు తీగను న్యూట్రలుగ వాడుట మన యూళ్ళలో కానవచ్చు దురభ్యాసము. దానివలన ఫ్రిజ్ తలుపులోను, కుళాయి గొట్టములోను కరెంటు నిలుచును. తడిచేతితో ముట్టిన పిల్లవాడు దానికి బలియగును. ఒక గది న్యూట్రలును ప్రక్క మీటరు నుండి తెచ్చికొనుటయు ఇట్టి తప్పే.

జనరేటరు, ఇన్వర్టరు గల భవనములలో మరియొక ముప్పు కలదు. సరైన మార్పిడి స్విచ్చి లేనిచో లోపల పుట్టిన కరెంటు బయటి లైనుకు ఎక్కును. స్తంభముపై పనిచేయు లైన్‌మన్, లైను ఆపివేయబడినదని నమ్మి, ప్రాణము కోల్పోవును.

ఇతర దేశములలో

గల్ఫు నుండి వచ్చినవారు వస్తువులు తెచ్చుట మన జిల్లాలో తెలిసినదే. సౌదీ అరేబియాలోని పాత ఇండ్లలో 127 వోల్టుల సరఫరా ఉండెడిది. అచ్చట సెకనుకు 60 ఊపులు. అట్టి వస్తువును ఇక్కడి 230 వోల్టులకు తగిలించినచో నిమిషములో కాలిపోవును. వస్తువు వెనుక రేకుపై వ్రాసిన వోల్టులను చదివిన పిదపనే వాడవలెను.

అమెరికాలో విడి ఇండ్లకు 120, 240 వోల్టుల మూడు తీగెల సర్వీసు కలదు. పెద్ద నివాస భవనములకు మూడు ఫేజుల నుండి 120, 208 వోల్టులిచ్చుట పరిపాటి. 240 కొఱకు చేసిన పొయ్యి 208 పై మూడు వంతుల వేడిమియే ఇచ్చును. అచ్చట కాపురముండు మన వారికిని “ఈ భవనమునకు ఏ సర్వీసు?” అను ప్రశ్న తప్పుట లేదు. ఏ దేశమునైనను మీటర్లను లెక్కించుట చాలదు, సర్వీసును చూడవలెను.

పంచాయతీలు చేయదగిన పనులు

ప్రతి గ్రామమునను పలు మీటర్లు గల భవనములు నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని యుండును. పంచాయతీవారు వానికొక చిన్న పుస్తకము పెట్టినచో ఎంతయో మేలు. అందు భవనపు యజమాని, స్తంభము గుర్తు, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న చోటు, సర్వీసు తీరు, మీటర్ల సంఖ్య, ఏ గదికి ఏ మీటరు, మెయిన్ ఎచ్చట నున్నది అను సంగతులుండవలెను. దానికొక నకలు లైన్‌మన్ వద్ద నుంచవలెను.

తమ సొంత దుకాణపు గదులతో ఈ పనిని ఆరంభించుట ఉచితము. ప్రతి మీటరు క్రింద గది సంఖ్యను రంగుతో వ్రాయింపవలెను. రెండు సర్వీసులు గల కట్టడమున రెండు మెయిన్ల వద్దను “ఈ భవనమునకు మరియొక సర్వీసు కలదు” అని పెద్ద అక్షరములతో పలక కట్టింపవలెను. భారమును మూడు ఫేజులకు సమముగ పంచుమనియు, న్యూట్రల్ అతుకులను వానకాలమునకు ముందు చూడుమనియు విద్యుత్ శాఖను కోరవలెను. లీకేజి కనిపెట్టి తానే ఆపు రక్షణ స్విచ్చిని మెయిన్ వద్ద అమర్పింపవలెను. ఇంటిపై అంతస్తు కట్టుటకు అనుమతి కోరి వచ్చిన వారితో, క్రొత్త మీటరు మాత్రమే గాక సర్వీసు తీగ చాలునో లేదో విచారించుకొనుమని చెప్పవలెను.

ఇవి పెద్ద ధనమును కోరు పనులు కావు. ఒక పూట శ్రద్ధతో కన్నులు తెరచి చూచిన చాలును. కాలువ నీటిని ఏ తూము నుండి ఏ మడికి పోవుచున్నదో ఎరిగి వాడుకొన్న రైతులు మనవారు. తీగెలలో పారు కరెంటును కూడ అట్లే, అది వచ్చు దారి నెరిగి వాడుకొనవలెనని పంచాయతీ సభ్యులకు మా మనవి.